హుమాయూన్ నగర్ పేరు వెనుక విద్యాదాత్రి: సుగ్రా హుమాయూన్ మీర్జా

హైదరాబాదు నగరమున మాసాబ్ ట్యాంకునకు సమీపములో హుమాయూన్ నగర్ అను పేట కలదు. ఆ పేటలో 'మదరసా సఫ్దరియా' అను బాలికల పాఠశాల 1934లో వెలసినది. పేటకు వచ్చిన పేరు ఒక న్యాయవాదిది. పాఠశాలకు వచ్చిన పేరు ఒక సైనిక వైద్యునిది. న్యాయవాది సయ్యద్ హుమాయూన్ మీర్జా. వైద్యుడు కెప్టెన్ సఫ్దర్ అలీ మీర్జా. మొదటివారి భార్యయు, రెండవవారి కుమార్తెయు అయిన మహిళ సుగ్రా హుమాయూన్ మీర్జా. భర్త పేరు బస్సులపైనను, ఉత్తరముల చిరునామాలలోను నిలిచినది. తండ్రి పేరు బడి గుమ్మముపై నిలిచినది. ఆ బడిని నిలబెట్టిన ఆమె పేరు మాత్రము మన విద్యార్థులలో ఎందరికి తెలియును? తెలిసికొనదగిన జీవితము గనుకనే ఈ వ్యాసము.

ఆమె పుట్టి పెరిగిన కాలమును ముందుగా గుర్తుకు తెచ్చుకొనవలెను. తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించి, 1883లో స్త్రీల కొరకు 'సతీహితబోధిని' పత్రికను ప్రారంభించినారు. ఉర్దూ లోకమున లాహోరు నుండి 1898లో 'తహ్జీబె నిస్వాన్' అను స్త్రీల పత్రిక వెలువడినది. దానికి సంపాదకురాలైన ముహమ్మదీ బేగం పిల్లలకు కూడ రచనలు చేసిన విదుషీమణి. నిజాం రాజ్యమున నాంపల్లి బాలికల పాఠశాల 1890లోను, మహబూబియా పాఠశాల 1907లోను ఏర్పడినవి. కాని ఇవి విశాలమైన చీకటిలో వెలిగిన కొలది దీపములు మాత్రమే. గౌరవ కుటుంబములలో ఆడపిల్ల గడప దాటుట తప్పుగా తలపబడెడిది. దాటినను పరదా కట్టిన బండిలోనే పోవలెను. బండి పెట్టుకొనలేని ఇంట చదువు మాటయే లేదు.

ఇట్టి దినములలో సుగ్రా బేగం బడికి పోయి చదువలేదు. ఇంటిలోనే ఉర్దూ, పారశీక భాషలు నేర్చినారు. చదువు పట్ల ఆదరము గల తల్లిదండ్రులు లభించుట ఆమె అదృష్టము. 1901లో ఇంగ్లండున న్యాయశాస్త్రము చదివి వచ్చిన హుమాయూన్ మీర్జాతో ఆమెకు వివాహమైనది. ఆ యింట ఆమె కలమునకు అడ్డు లేకపోయెను. పైపెచ్చు ప్రోత్సాహము లభించినది.

ఆమె 'హయా' అను కలముపేరుతో కవిత్వము వ్రాసినారు. నవలలు వ్రాసినారు. వాటిలో 'ముషీరె నిస్వాన్', 'మోహిని', 'సర్‌గుజష్తె హాజ్రా' పేర్కొనదగినవి. మొదటి దానికి 'స్త్రీలకు హితము చెప్పునది' అని అర్థము. ఆమె రచనల ఉద్దేశమంతయు ఆ పేరులోనే ఇమిడియున్నది. దేశ విదేశములు తిరిగి ఇరాకు, ఐరోపా యాత్రలను గూర్చి గ్రంథములు వెలువరించినారు. గడప దాటుటయే గగనమైన స్త్రీలకు, తమ వంటి స్త్రీ యొకతె సముద్రములు దాటి చూచివచ్చిన లోకమును ఆ గ్రంథములు ఇంటి ముంగిటికి తెచ్చినవి. పరదాను విడిచి ప్రజా కార్యములలో పాల్గొన్న తొలి హైదరాబాదు మహిళలలో ఆమె ఒకరు.

రచనతో ఆమె తృప్తి చెందలేదు. 1919లో 'అంజుమనె ఖవాతీనె దక్కన్', అనగా దక్కను మహిళా సంఘమును స్థాపించినారు. హైదరాబాదు నుండి 'అన్నిసా' అను పత్రికను నడిపినారు. తరువాత లాహోరు పత్రిక 'జేబున్నిసా'కు కూడ సంపాదకత్వము వహించినారు. సంఘము స్త్రీలను ఒకచోట కూర్చుండబెట్టినది. పత్రిక ఒకచోటికి రాలేని స్త్రీలను అక్షరముల ద్వారా కలిపినది.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. పత్రిక ఎంత గొప్పదైనను చదువ వచ్చినవారికే అది ఉపకరించును. నవల ఎంత హితము చెప్పినను అక్షరము రాని స్త్రీకి అది మూసిన పెట్టె. స్త్రీలు చదువుకొనవలెనని వ్రాసిన వ్యాసమును చదువుకొన్న స్త్రీలే చదువుదురు గదా! సంఘములోనికి వచ్చు స్త్రీలు సైతము రాగల స్తోమత ఉన్నవారే. కలము ఆగిన చోట పలకయే పని చేయవలెను. సుగ్రా బేగం జీవితమున కథ, సంఘము, పత్రిక, పాఠశాల వరుసగా వచ్చుట ఈ దృష్టితో చూచినచో మెట్టు వెంట మెట్టు ఎక్కినట్లు కనబడును.

1934లో ఆమె తమ సొంత ఆస్తిని వినియోగించి బాలికల కొరకు మదరసా సఫ్దరియాను స్థాపించినారు. 'మదరసా' అనగా మత పాఠశాల యని మాత్రమే కొందరి తలంపు. అరబ్బీ భాషలో ఆ మాటకు చదువు చెప్పు చోటు అనియే అర్థము. పేద బాలికలకు అక్షరముతో పాటు చేతిపనులు కూడ నేర్పుట అక్కడి ఆశయము. చదివిన బాలిక తన కాళ్లపై తాను నిలువవలెనను ముందుచూపు అందు కలదు. 1958లో ఆమె పరమపదించిన తరువాత కూడ ఆ పాఠశాల ఆగలేదు. వ్యక్తి పోయినను పని నిలుచుటయే సంస్థ యొక్క లక్షణము.

అదే కాలమున టర్కీ దేశమున కీర్తి గాంచిన మరియొక విదుషీమణి హాలిదే ఎదీబ్. ఆమె 1901లో ఇస్తాంబులు నగరమందలి అమెరికన్ బాలికల కళాశాల నుండి పట్టభద్రురాలై, నవలలు వ్రాసి, బాలికా విద్యా సంస్కరణలలో పాల్గొని, మొదటి ప్రపంచ యుద్ధకాలమున సిరియా, లెబనాను ప్రాంతములలో పాఠశాలల నిర్వహణను చేపట్టినారు. 1935లో మన దేశమునకు వచ్చి ఢిల్లీ జామియా మిల్లియాలో ఉపన్యాసములిచ్చినారు. ఆ పర్యటనను గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము 1937లో వెలువడినది. ఇరువురిలోను కలమును, బడిని జోడించిన నేర్పు ఒక్కటే. అయితే హాలిదేకు చదువ కళాశాల యుండెను. ఆమె యుద్ధకాల విద్యాకృషికి వెనుక ప్రభుత్వముండెను. సుగ్రా బేగం తాను ఏ బడి గడపయు తొక్కకయే, తమ ఆస్తితో ఇతరుల బిడ్డలకు బడి గడపను కట్టించినారు. తనకు లేనిదానిని ఇతరులకు ఇచ్చుట సామాన్యమైన దానము కాదు.

ఇదంతయు ఎక్కడో రాజధాని నగరమున జరిగిన కథ, చెరకు తోటల నడుమ నున్న మన చోడవరమునకు దీనితో పని యేమి యని కొందరు అడుగవచ్చును. పని కలదు. నేడు మన ఆడపిల్లకు పరదా బండి అక్కరలేదు, బస్సు కలదు. బడి కలదు, కళాశాల కలదు. అయినను పదవ తరగతి ముగిసిన నాడు "ఇక చాలును, అనకాపల్లి దాక పంపుట ఎట్లు? చదివించిన పిదప సంబంధము కుదురునా?" అను మాట ఇంకను కొన్ని ఇండ్లలో వినబడుచునే యున్నది. అది ముస్లిము ఇల్లు కావచ్చును, హిందువుల ఇల్లు కావచ్చును. మాట మాత్రము ఒక్కటే. మార్కులు తక్కువయై ఆగిన చదువు కొంత. ఇంటివారి భయముచే ఆగిన చదువు మరికొంత. మొదటి దానికి గురువులు మందు ఇవ్వగలరు. రెండవదానికి ఇంటివారే ఇవ్వవలెను. సఫ్దర్ అలీ మీర్జా వంటి తండ్రియు, హుమాయూన్ మీర్జా వంటి భర్తయు లేనిచో సుగ్రా బేగం కలము ఇంటిలోనే ఎండిపోయి యుండెడిదేమో! ఆమె తండ్రి పేరును బడికి పెట్టుటలో ఈ కృతజ్ఞత కూడ ఉన్నదనుకొనుట తప్పు కాదు.

మన కళాశాలలో చదువు ప్రతి విద్యార్థినియు, విద్యార్థియు ఈ సెలవులలో ఒక చిన్న కార్యము చేయవచ్చును. ఇంటిలోనో, ఇరుగు పొరుగునో అక్షరము రాని తల్లి యుండును. తెలుగులో గాని, ఉర్దూలో గాని ఆమె తన పేరు తాను వ్రాసికొనునట్లు నేర్పవలెను. దానికి భవనము అక్కరలేదు, చందా అక్కరలేదు. ఒక పలకయు, సాయంకాలము అరగంటయు చాలును. తండ్రి పేరును, భర్త పేరును నిలిపిన ఆ తల్లికి మనము చెల్లింపదగిన ఋణము, మరియొక తల్లి తన పేరును తానే వ్రాసికొనునట్లు చేయుటయే.