పార్కిన్సన్స్: చేతి వణుకు కనిపిస్తుంది, మనసు కుంగుబాటు కనిపించదు

పార్కిన్సన్స్ జబ్బు అనగానే గుర్తుకొచ్చేది వణికే చెయ్యి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని మొదటిసారి వివరంగా రాసినప్పుడు, తన చిన్న పుస్తకం పేరులోనే వణుకును చేర్చాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. వీరిలో ముగ్గురికి ఒకరు చొప్పున కుంగుబాటుతో, అంటే డిప్రెషన్‌తో కూడా బాధపడుతుంటారు. ఇంట్లోవారు గమనించనిదీ, చికిత్సకు నోచుకోనిదీ ఎక్కువగా ఇదే.

మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఈ జబ్బు వస్తుంది. డోపమిన్ కదలికలను నడిపించడమే కాక మనిషికి ఉత్సాహాన్నీ ఇస్తుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ వంటి ఇతర రసాయనాలు కూడా ఇందులో తగ్గుతాయి. అందుకే కొందరిలో వణుకు మొదలవడానికి కొన్నేళ్ల ముందే కుంగుబాటు కనిపిస్తుంది. కాబట్టి దీన్ని మనోబలం లేకపోవడమనో, విశ్వాసం సన్నగిల్లిందనో అనుకోవడం పొరపాటు. ఇది జబ్బులో భాగం.

దీన్ని గుర్తించడం కాస్త కష్టం. పార్కిన్సన్స్‌లో ముఖ కండరాలు బిగుసుకుని మొహంలో భావాలు పలకవు. గొంతు సన్నబడుతుంది, నిద్ర చెడుతుంది, పనులు నెమ్మదిస్తాయి. వీటిని చూసి కుంగుబాటు లేనివారికి ఉందనుకోవచ్చు, ఉన్నవారిది ‘జబ్బేలే’ అని వదిలేయవచ్చు. మనవలు వచ్చినా సంతోషం లేకపోవడం, ఇష్టమైన పనులు మానేయడం, ‘మీకు భారమయ్యాను’ అని పదేపదే అనడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చెప్పాలి. చనిపోవాలనే మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

రోజువారీ జీవితంపై దీని ప్రభావం ఎక్కువ. చొక్కా గుండీలు పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, మంచం మీద పక్కకు తిరగడం కూడా కష్టమైన మనిషి, దావత్‌లో చెయ్యి వణికితే నలుగురూ చూస్తారని బయటికి రావడం మానేస్తాడు. కదలిక తగ్గితే ఒళ్లు మరింత బిగుస్తుంది, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది, ఇతరులపై ఆధారపడాల్సి వస్తుంది. దాంతో దిగులు ఇంకా ముదురుతుంది. 2002లో వెలువడిన ఒక అంతర్జాతీయ సర్వేలోనూ, రోగుల జీవన నాణ్యతను జబ్బు తీవ్రత కన్నా కుంగుబాటే ఎక్కువగా దెబ్బతీస్తున్నట్టు తేలింది.

పార్కిన్సన్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు గాని, కుంగుబాటుకు చికిత్స ఉంది. లెవోడోపా మాత్రలు సమయానికి వేసుకోవాలి. మాత్ర ప్రభావం తగ్గే వేళల్లో కొందరికి దిగులు పెరుగుతుంది, ఆ వేళలు రాసిపెట్టి డాక్టరుకు చూపాలి. అవసరమైతే ఆయన కుంగుబాటుకు మందులు, కౌన్సెలింగ్ సూచిస్తారు. రోజూ నడక, వ్యాయామం రెండు సమస్యలకూ మేలు చేస్తాయి. దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది కనుక ఆ పొడిని సొంతంగా మాత్రలతో కలిపి వాడకూడదు. రంజాన్‌లో రోజా కోసం మాత్రలు హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం. ముందే డాక్టరును అడగాలి. వ్యాధిగ్రస్తులకు ఇస్లాం ఇచ్చిన సడలింపు ఉండనే ఉంది.

సేవ చేసే భార్యనో, కోడలినో కూడా మరచిపోకూడదు. అలసట, దిగులు వారికీ వస్తాయి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

బాక్సర్ ముహమ్మద్ అలీకి 1984లో, 42 ఏళ్ల వయసులో ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వణికే చేతులతోనే వెలిగించాడు. 2016 దాకా, అంటే 32 ఏళ్లు దీనితో జీవించాడు. ఇంత కాలం నడిచే జబ్బుకు ఒక్కసారి చేసే సాయం చాలదు. పేద కుటుంబానికి నెలనెలా మాత్రలు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి ఆటో ఛార్జీ, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ కావాలి. సాయం అందించేందుకు వెళ్లినవారు పది నిమిషాలు కూర్చుని, ‘మనసు ఎలా ఉంది?’ అని అడిగి, తొందరపెట్టకుండా జవాబు వినాలి. చాలా ఇళ్లలో ఆ మాట ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.