జీపు ఇరుసు – అంకెల సాక్ష్యము



నేడు నేను విన్నవింపనున్న విషయము జీపుబండి ఇరుసు. వ్యాకరణమును, తర్కమును చదివి, బడిపిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి పొందిన నావంటివానికి ఇనుపబండ్ల ప్రసక్తి యేల యని మీకు తోచవచ్చును. కాని మన పల్లెలలో పాత జీపులు ఇంకను పొలములకును, సంతలకును తిరుగుచున్నవి. ఇరుసు విఱిగినప్పుడు పాత ఇనుము దుకాణమునకు పోయి, "ఇదియు జీపుదే" యన్న మాట నమ్మి, చేతికందినదానిని తెచ్చి బిగించువారు కలరు. ఆ నమ్మకము కొందఱికి చాల ఖరీదైనది. ఇరుసు తన వృత్తాంతమును తన యొడలిపైననే ధరించి యుండును. దానిని చదువు విధానమును చెప్పుటయే నా యుద్దేశము.

ఎడ్లబండి ఇరుసు తాను తిరుగదు. చక్రములే దానిపై తిరుగును. వేళకు కందెన వేసిన చాలును. జీపు ఇరుసు అట్టిది కాదు. అది బోలుగొట్టము, దాని నడుమ గుండ్రని పెట్టె యొకటి కలదు. ఆ పెట్టెలో పినియను అను చిన్న పండ్లచక్రమును, క్రౌను అను పెద్ద పండ్లచక్రమును ఒకదానితో నొకటి పట్టుకొని యుండును. ఇంజను వైపునుండి వచ్చు ప్రొపెల్లరు షాఫ్టు పినియనును త్రిప్పును. పినియను క్రౌనును త్రిప్పును. క్రౌను, గొట్టములోని కడ్డీల మూలమున చక్రములను త్రిప్పును. క్రౌను పండ్లను పినియను పండ్లచే భాగింపగా వచ్చిన లబ్ధమే ఆ ఇరుసు నిష్పత్తి. జీపునకు ముందొకటి, వెనుక నొకటి ఇరుసులు కలవు. ఆ రెండింటి నిష్పత్తియు సరిపోలవలెను. మర్మమంతయు నిందే యున్నది.

రెండవ ప్రపంచయుద్ధమున, 1941 మొదలు 1945 వఱకు, అమెరికాలోని విల్లీసు, ఫోర్డు సంస్థలు సైన్యమునకై 6 లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. ఆ బండ్ల ఇరుసులలో క్రౌనునకు 39 పండ్లు, పినియనునకు 8 పండ్లు. అనగా నిష్పత్తి 4.88. యుద్ధము ముగిసిన 1945లోనే విల్లీసువారు టోలెడో నగరమున సేద్యగాండ్రను, ఇతర పౌరులను ఉద్దేశించి సీజే-2ఏ అను జీపును చేసిరి. దాని క్రౌనునకు 43 పండ్లు, పినియనునకు 8, నిష్పత్తి 5.38. వేగము కొంత తగ్గినను లాగుబలము హెచ్చినది. మన దేశమున 1945లో స్థాపింపబడి, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా యను పేరు దాల్చిన సంస్థ బొంబాయిలో విల్లీసు జీపులను కూర్చి విక్రయించినది. ఈ వంశము మన యూళ్లకు వచ్చిన మార్గములలో నది ముఖ్యమైనది. సైనికుల బండి ముందటి ఇరుసును, సేద్యగాని బండి ముందటి ఇరుసును పైచూపునకు కవలలు. భేదము లోపలి నాలుగు పండ్లలో నున్నది.

నాలుగు పండ్లకేమి యందురా? మా యూరి రైతొకరు ముందటి ఇరుసు విఱుగగా పాతదొకటి కొని బిగించుకొనిరి. వేసవి యంతయు బండి చక్కగా నడచెను. మామూలు బాటపై వెనుకటి ఇరుసే లాగును గనుక దోషము బయటపడలేదు. తొలకరి బురదలో నాలుగు చక్రములకు బలమిచ్చు మీట వేసిరి. బురదలో చక్రములు జాఱును గనుక అచ్చటను బాధ తెలియలేదు. రాతిబాట నెక్కినతోడనే వెనుకనుండి యెవరో పట్టి లాగినట్లు బండి బిగుసుకొనెను. మీట వెనుకకు రాదాయెను. విప్పి చూడగా వెనుక 43 పండ్లు, ముందు 39 పండ్లు. లెక్క చూడుడు: మీట వేసినప్పుడు షాఫ్టులు రెండును సమానముగా తిరుగును. చక్రముల కొలత యొకటియే యైనను, వెనుకటి చక్రము 100 అడుగులు పోవునప్పుడు ముందటి చక్రము 110 అడుగులు పోజూచును. బండి యొకటి, నేల యొకటి. ఆ పది యడుగుల తగవు తీరుటకు టైరులైన నరుగవలెను, పండ్లైన విఱుగవలెను. ఆ రైతునకు ఆ యేటి వేరుసెనగ లాభము మరమ్మతునకే సరిపోయినది.

ఇక గుర్తించు విధానము. తార్కికులు ప్రమాణములు నాలుగందురు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. "ఇది మీ బండి ఇరుసు వలెనే యున్నది" యను దుకాణదారుని మాట ఉపమానము. దానితో తృప్తిపడరాదు. తక్కిన మూడింటిని గ్రహింతము.

మొదటిది శబ్దము, అనగా ఇరుసుపై వ్రాత. 1904లో క్లారెన్సు స్పైసరు స్థాపించిన పరిశ్రమయే 1946లో డానా కార్పొరేషను అను పేరు దాల్చినది. జీపు ఇరుసులు చాలవఱకు ఈ యింటివే. కిరసనాయిలుతో, ఇనుప బ్రష్షుతో మడ్డిని తొలగింపుడు. నడిమి పెట్టె అడుగుగట్టుపై 30 అనియో, 44 అనియో పోతలోనే లేచిన అంకె కొన్నింట కనబడును. ఇది గోత్రము వంటిది. 44 అనగా 44 పండ్లని భ్రమపడరాదు. అది జాతిపేరు మాత్రమే. తరువాత గొట్టముపై ముద్రగొట్టిన సంఖ్యను వెదకుడు. తరువాతి కాలపు డానా ఇరుసులపై నది తఱచుగా ఆఱంకెలు, ఒక అడ్డగీత, మఱియొక అంకెగా నుండును. ఇది ప్రవర వంటిది. ఆ ఇరుసులో నే యే భాగములు కూర్చిరో తెలుపు పట్టికకు అది గుఱుతు. సంస్థవారి పుస్తకమున ఆ సంఖ్యను చూచిన నిష్పత్తి తెలియును. ప్రక్కన చేసిన తేదియు నుండవచ్చును. అమెరికావారు నెలను ముందు వ్రాయుదురు గనుక 7-8-72 అన్న జూలై 8 అని చదువవలెను. పెట్టెమూత మరకు తగిలించిన చిన్న రేకుపై పండ్ల సంఖ్యయో, నిష్పత్తియో యుండును. కాని రేకు ఊడవచ్చును, మాఱవచ్చును. లోపలి చక్రములను ఎవరైన మార్చియు నుండవచ్చును. బండి చాసిస్ సంఖ్య సంగతియు నంతే. పుట్టినప్పుడు బండికి ఏ ఇరుసుండెనో దానిని బట్టి తెలియునేమో గాని, నేడేది యున్నదో తెలియదు.

రెండవది అనుమానము. బండిని చదునైన నేలపై నిలిపి, నేలనుండు చక్రములకు ముందు వెనుకల చెక్కల నడ్డుపెట్టుడు. పాత జీపులలో చేతిబ్రేకు షాఫ్టునే పట్టును గనుక దానిని వదలి, గేరును న్యూట్రలులో నుంచవలెను. వెనుక నొక చక్రమును జాకీతో లేపి, దృఢమైన స్టాండు పెట్టి, షాఫ్టుపై సుద్దతో గీత గీయుడు. బండి క్రిందికి మాత్రము దూరకుడు. లేచిన చక్రమును సరిగా రెండు చుట్లు త్రిప్పవలెను. రెండవ చక్రము కదలకున్నందున లేచినది రెండు చుట్లు తిరిగినగాని క్రౌను ఒక చుట్టు తిరుగదు. అంతలో షాఫ్టు ఐదు చుట్లకు ఇంచుక తక్కువగా తిరిగిన 39-8. ఐదు దాటి మూడవ వంతునకు మించి తిరిగిన 43-8. దుకాణములోని విడి ఇరుసునకైనచో ఒక కొనను కదలకుండ పట్టి, రెండవ కొనను త్రిప్పి, పినియను చుట్లను లెక్కింపుడు.

మూడవది ప్రత్యక్షము. నూనె వంచి, మూత తీసి, పండ్లను లెక్కించుట. క్రౌను అంచున పండ్ల సంఖ్య చెక్కి యుండుటయు కలదు. క్రౌనుపైనను, పినియనుపైనను ఒకే జతసంఖ్య యున్నదేమో పరీక్షింపుడు. ఆ రెండింటిని కర్మాగారమున కలిపి నూఱి జతచేయుదురు. ఒకదానికి వేఱొక జతలోనిదానిని కూర్చిన బండి ఊళ పెట్టును. పండ్లు త్వరలో నరుగును.

సంఖ్య చెప్పినదియు, సుద్దగీత చెప్పినదియు, పండ్లు చెప్పినదియు ఏకమైనప్పుడే సొమ్ము లెక్కపెట్టుడు. వానిలో విరోధము కనబడినచో పండ్ల మాటయే తుదిమాట. ఇరుసు కొనబోవువారు తమ బండి రెండవ ఇరుసు నిష్పత్తిని ముందే కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. మీ యూరి మోటారు మేస్త్రీలకును, జీపులు నడుపు యువకులకును ఈ లెక్కను తెలుపుడు. వానకాలపు రాత్రి ప్రసవవేదన పడు ఆడుబిడ్డను ఆసుపత్రికి చేర్పవలసిన బండి నడిబాటలో బిగుసుకొనరాదు గదా.