మీ ముఖచర్మం ఏ తరహాది?

"డాక్టరుగారూ, ముఖానికి ఏ క్రీము మంచిది?" అని అడిగేవారే గాని, "నా చర్మం ఎటువంటిది?" అని అడిగేవారు అరుదు. నిజానికి మొదటి ప్రశ్నకు జవాబు రెండవ ప్రశ్నలోనే ఉంది. పక్కింటి అమ్మాయికి పనిచేసిన క్రీము మీ ముఖానికి పడకపోవచ్చు. అంతటితో పోతే ఫరవాలేదు. కొన్ని క్రీములు చేసిన చెరుపు నుంచి ముఖం తేరుకోవడానికి నెలలు పడుతుంది. అందుచేత ముందు చర్మం సంగతి, ఆ తరువాత క్రీముల సంగతి చెప్పుకుందాం.

జిడ్డు ఎందుకు పడుతుంది?

మన చర్మంలో చిన్న చిన్న తైలగ్రంథులు ఉంటాయి. అవి తయారుచేసే సీబమ్ అనే జిడ్డు పదార్థం వెంట్రుక కుదుళ్ల ద్వారా పైకి వస్తుంది. ఈ గ్రంథులు నుదురు, ముక్కు, గడ్డం మీద ఎక్కువ. చెంపల మీద తక్కువ. యుక్తవయస్సులో ఆండ్రోజెన్ హార్మోనుల ప్రభావంతో ఇవి చురుకుగా పనిచేస్తాయి. ఈ హార్మోనులు ఆడపిల్లల్లో కూడా కొద్దిగా ఉంటాయి. బహిష్టులు ఆగిపోయిన తరువాత స్త్రీలలో జిడ్డు తగ్గుతుంది. కనుక పద్దెనిమిదో ఏట జిడ్డు ఓడిన ముఖమే యాభయ్యో ఏట పొడిబారవచ్చు. వేసవి ఉక్కలో ఒక విధంగా, పుష్యమాసపు చలిలో మరొక విధంగా ఉండవచ్చు.

ఒక సంగతి గమనించండి. చర్మం తరహాకూ, రంగుకూ సంబంధం లేదు. రంగును నిర్ణయించేది మెలనిన్ అనే పదార్థం. చామనఛాయ జబ్బు కాదు. దానికి చికిత్స అక్కరలేదు.

ఇంట్లోనే పరీక్ష

ముఖం శుభ్రంగా కడిగి, మెత్తని బట్టతో అద్దండి. పౌడరు, క్రీము ఏదీ రాయకుండా ఒక గంట ఉండండి. తరువాత పలుచని కాగితాన్ని నుదుటిమీద, ముక్కుమీద, చెంపలమీద విడివిడిగా ఒత్తి చూడండి. అన్నిచోట్లా జిడ్డు మరక పడితే జిడ్డు చర్మం. ఎక్కడా మరక లేక, చర్మం లాగినట్లుంటే పొడి చర్మం. నుదురు, ముక్కు దగ్గర మాత్రమే మరక పడితే మిశ్రమ చర్మం. మరక నామమాత్రంగా ఉండి, లాగడం కూడా లేకపోతే మీది సాధారణ చర్మం. దానిని చెడగొట్టుకోకుండా ఉంటే చాలు.

జిడ్డు చర్మం: రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు మరొకసారి ముఖం కడిగితే చాలును. పదిసార్లు సబ్బు రుద్దినా గ్రంథులు పని మానవు. చర్మం మాత్రం రేగుతుంది. ఈ చర్మం కలవారు తలకు నూనె దట్టంగా పెట్టుకుంటే అది నుదుటిపైకి జారి, అక్కడే మొటిమలు లేస్తాయి. మొటిమలను గిల్లవద్దు. గిల్లితే గుంటలూ, నల్లమచ్చలూ మిగులుతాయి. మొటిమలకు మందు మొదలుపెడితే గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారానికొక మందు మార్చడం వల్ల ప్రయోజనం లేదు.

పొడి చర్మం: వేడినీళ్లు, ఘాటైన సబ్బు దీనికి శత్రువులు. చర్మానికి స్వతహాగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. మామూలు సబ్బులు క్షారగుణం కలవి. గోరువెచ్చని నీటితో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే గ్లిజరిన్ గల క్రీముగాని, కొద్దిగా వాసెలిన్ గాని రాయండి. లోపలి తేమ ఆవిరైపోకుండా అది కాపాడుతుంది.

మిశ్రమ చర్మం: ముఖమంతటికీ ఒకే వైద్యం పనికిరాదు. చెంపలకు క్రీము రాయండి. నుదురు, ముక్కు వదిలివేయండి.

ఇవి గాక, ఏది రాసినా మంట, దురద వచ్చే సున్నిత చర్మం ఒకటి ఉన్నది. ఇది జిడ్డు చర్మానికైనా, పొడి చర్మానికైనా తోడు కావచ్చు. రసాయనపు రంగులు కలిపిన కుంకుమ, సువాసన ద్రవ్యాలు, జుట్టుకు వేసే రంగు దీనికి పడకపోవచ్చు. నుదురు, కణతలు క్రమంగా నల్లబడుతుంటే ముందుగా తలకు వేసే రంగును అనుమానించండి. కొత్త క్రీము ఏదైనా ముఖానికి రాయబోయే ముందు వారం రోజులు మోచేతి మడత దగ్గర రాసి చూడండి.

ఇంటి చిట్కాల సంగతి కూడా చెప్పాలి. సున్నిపిండితో మెల్లగా కడుక్కుంటే నష్టం లేదు, గట్టిగా రుద్దకూడదు. నిమ్మరసం, వంటసోడా, పళ్ల పేస్టు ముఖానికి వద్దు. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లబడవచ్చు.

తెల్లబడే క్రీములతో జాగ్రత్త

ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. పెళ్లిచూపులు దగ్గరపడ్డాయంటే పిల్లను పదిరోజుల్లో తెల్లబరచాలని ఇంట్లోవారే తొందరపడతారు. మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఒకటి చేతిలో పెడతారు. కొద్ది రోజుల్లోనే ముఖం నునుపుదేలుతుంది. అక్క వాడిందని చెల్లెలు, చెల్లెలు వాడిందని స్నేహితురాలు వాడతారు.

అటువంటి ట్యూబులు చాలావాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితోపాటు ఒక స్టెరాయిడ్ ఉంటాయి. మంగుమచ్చలకు డాక్టరు పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడవలసిన మందు ఇది. రోజూ రాసుకునే స్నో కాదు. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, చెంపలపై ఎర్రని సన్నని రక్తనాళాలు బయటపడతాయి. గుంపులుగా మొటిమలు లేస్తాయి. ఆడవారి ముఖాన నూగు పెరుగుతుంది. మానివేస్తే కొద్ది రోజుల్లో ముఖం ఎర్రబడి మండుతుంది. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. "నాకు ఈ క్రీమే పడింది" అని వారు అనుకుంటారు. అది పడటం కాదు, చర్మం మందుకు అలవాటుపడి బానిస కావడం. ఇటువంటి ముఖాలతో మా ఆసుపత్రికి వచ్చేవారిలో కాలేజీ పిల్లలే ఎక్కువ.

ట్యూబుమీద మందు పేరు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుయోసినొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. 2018లో కేంద్రప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులు అనేకం డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన పెట్టింది. ఆ నిబంధన కాగితం మీద ఉంటే చాలదు, కొనేవారి చేతిలో కూడా ఉండాలి. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి దాచుకోకుండా, ఆ ట్యూబు పట్టుకొని చర్మవైద్యుని వద్దకు వెళ్లండి. మానే పద్ధతి వారు చెబుతారు. ఓపిక పడితే చాలామందికి ముఖం తేరుకుంటుంది.

తయారీదారు పేరైనా లేని డబ్బాలలో వచ్చే క్రీములు మరీ ప్రమాదం. వాటిలో పాదరసం ఉండవచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు రావడం బయటపడింది. ముఖానికి రాసినది ముఖంతోనే ఆగదని దీనివల్ల తెలుస్తున్నది. ముఖం, కాళ్లు వాచినా, మూత్రంలో నురగ వచ్చినా వెంటనే పరీక్ష చేయించుకోండి.

ఏ తరహా చర్మానికైనా ఎండనుంచి రక్షణ అవసరం. బయటకు వెళితే గొడుగు పట్టండి. మంగుమచ్చలున్నవారు ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన సన్‌స్క్రీన్ రాసి, ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి తిరిగి రాయాలి. గర్భిణీ స్త్రీలు డాక్టరును అడగనిదే ముఖానికి ఏ మందూ వాడరాదు.

ముఖానికి కావలసినవి మూడే: మీ చర్మానికి తగిన శుభ్రత, తగిన తేమ, ఎండనుంచి నీడ. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే, ఆమె బల్లమీది ట్యూబును ఈరోజే ఒకసారి తిప్పి చూడండి.