తాతగారి టోపీకి దిక్కెవరు?

పట్టుచీరకు మన ఇళ్లలో జరిగే మర్యాదలో పదోవంతైనా టోపీకి జరగదు. గద్వాల చీరనైతే పాత పంచెగుడ్డలో చుట్టి, ఏటా మడతలు మార్చి, కోడలికి సైతం తాళంచెవి ఇవ్వని ఇల్లాళ్లను నేనెరుగుదును. అదే ఇంట్లో తాతగారి టోపీ ఏ చిలక్కొయ్యకో వేలాడుతూ, నెత్తిన సొట్టపడి వుంటుంది.

గద్వాల, వనపర్తి సంస్థానాలూ, నాగర్‌కర్నూలు ప్రాంతమూ నిజాం ఏలుబడిలోవే. కనుక ఇక్కడి పాత సందూకుల్లో మూడు రకాలు దొరుకుతాయి: జరీ అంచు రుమాలు (తలపాగాను ఇక్కడ అలాగే అంటారు), నల్లకుచ్చు ఎర్ర రూమీటోపీ, ఖద్దరు గాంధీటోపీ. రూమీటోపీని టర్కీ 1925లోనే నిషేధించింది. హైదరాబాదు రాజ్యంలో మాత్రం ఆ తర్వాతా చాలా ఏళ్లు దర్జాగా తిరిగింది.

వనపర్తిలో ఒక పెద్దాయన నాకు అలాంటిదొకటి చూపించారు. "మా నాయనది. కచేరీకి పోయేటప్పుడు పెట్టుకునేటోడు" అన్నారు. వెలుతురుకు ఎత్తిపడితే జల్లెడలా కనిపించింది. రూమీటోపీ ఉన్ని కదా! ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చెమటా, తలనూనే అంటిన చోటంటే దానికి మరీ ప్రీతి. ఆయన కొడుకులు వేరుపడుతున్నారు. పొలం పంపకమైంది గాని టోపీని ఎవరూ అడగలేదు. అడిగింది మనుమరాలు.

ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను. ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. నీళ్లు తగలనివ్వకండి, ఎరుపు దిగుతుంది, బిగువు పోతుంది. పురుగు వున్నదనిపిస్తే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో రెండు వారాలుంచండి. తీశాక ఒక రోజు సంచి విప్పకూడదు. విప్పితే చెమ్మ పడుతుంది.

తర్వాత, ఉతికిన తెల్ల నూలుగుడ్డ ఉండచేసి లోపల కూరి, ఆకారం నిలిపి, అట్టపెట్టెలో పెట్టండి. వార్తాపత్రిక కాగితం వద్దు, మరక దిగుతుంది. (పత్రికలో రాసేవాడినే అంటున్నాను, నమ్మండి!) నాఫ్తలీన్ ఉండలు వేస్తే బట్టకు తగలకుండా, పిల్లలకు అందకుండా చూడండి. వాటితో కర్పూరం మాత్రం కలపకండి. పాలమూరు ఎండలకు రెండూ కరిగి టోపీమీదే కారుతాయి.

జరీ రుమాలును మడవక, గొట్టానికి చుట్టాలి; ఒకే మడతమీద జరీ తెగుతుంది. నల్లబడిందని చింతపండు పెట్టి తోమారా, అది ఇత్తడి చెంబు కాదు! అత్తరు చల్లడమూ అంతే. గాంధీటోపీ నూలు కనుక గొడవ తక్కువ. గంజి లేకుండా ఉతికి దాచాలి. గంజికి వెండిపురుగులు వస్తాయి.

ఇక చోటు. అటక వద్దు, వేసవిలో అది పొయ్యి. బయటిగోడకు ఆనించవద్దు, వానల్లో చెమ్మ. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తులకు పురానీ హవేలీలో ఒక పొడుగాటి గది నిండా కొయ్య బీరువాలున్నాయి. మనకు నడింటి అలమారులో ఒక అర చాలు. నెలకోసారి తెరిచి చూస్తే మేలు.

పెట్టెలో ఒక చీటీ కూడా వుండాలి: ఎవరిది, ఏ కచేరీ, ఏ ఏడు. సిరాతో కాదు, పెన్సిలుతో. పెద్దాయన చెబుతుంటే మనుమరాలు రాసుకుంటున్నది. కచేరీ పేరు చెప్పారు. ఏడు మాత్రం ఇంకా ఆలోచిస్తున్నారు.