పసుపు రైతు కంచము

పసుపు పండించి, ఉడికించి, ఎండబెట్టి నిజామాబాదు మార్కెట్టునకు తోలు ఆర్మూరు రైతుసోదరుడు, తన వంటయింటికి మాత్రము అంగడి పొడిని కొనుచుండుట మేము పలుమారు చూచితిమి. ఇప్పుడు కొందఱు పసుపుసారపు గుళికలను సైతము అధిక వెలకు కొనుచున్నారు. ఇది విచారింపదగిన విషయము.

మిక్కిలి పచ్చగా మెఱయు పొడిలో సీసపు రంగు కలుపు మోసము లోకమున కలదు. బంగ్లాదేశమున నట్టి కల్తీ 2019లో బయలుపడినది. సీసము పసిపిల్లల మెదడునకు తీరని చెఱుపు చేయును. గుళికల విషయమో, వానివలన కాలేయమునకు హాని కలుగవచ్చునని ఆస్ట్రేలియా ప్రభుత్వ ఔషధశాఖ 2023లో హెచ్చరించెను. కూరలో వేయు చిటికెడు పసుపున కట్టి భయము లేదు.

కావున సోదరులారా, పంట అమ్ముటకు ముందే మంచి కొమ్ములు రెండు కిలోలు ఇంట నుంచుకొనుడు. మనిషికి దినమునకు ఒక గ్రాము చొప్పున అయిదుగురు గల కుటుంబమునకు ఏటికి అవి చాలును. దంచి, జల్లించి, తడి తగులని డబ్బాలో పోసికొనవలెను.

అయితే పసుపొక్కటియే బలము నీయదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో చెప్పిన 2,000 కేలరీల దినభోజనమున ధాన్యము 250 గ్రాములైన, కూరగాయలు 400 గ్రాములు. పప్పులు 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. కష్టము చేయువారి కింకను ఎక్కువ కావలయును. మన కంచములందో అన్నము గుట్టగాను, కూర నంజుడుకు మాత్రముగాను ఉన్నది. ఒకపూట జొన్నరొట్టె తినుడు. గట్టుమీద మునగను, బావికడ తోటకూరను పెంచుడు. గుళికలకు పెట్టు రొక్కము పిల్లల పాలకు, పప్పునకు పెట్టుట మేలు.