ఇంటి సంగీత పాఠము - పాత వాద్యము

విజయదశమి వచ్చినదనగా మన ఇండ్లలో పుస్తకములతో పాటు వాద్యములను కూడ సరస్వతీదేవి ముందుంచి పూజించుట ఆచారము. ఆనాడే పిల్లలకు సంగీతపాఠము ఆరంభింపజేయవలెనని పెక్కుమంది తల్లిదండ్రులు కోరుదురు. కోరికకు లోటు లేదు. దాని వెంట వచ్చు ప్రశ్నలు రెండు. ఎవరివద్ద చెప్పించవలెను? వాద్యమును ఎక్కడ సంపాదించవలెను? మహానగరములలో ఈ రెంటికిని అంగడివీథియే సమాధానము చెప్పును. చిన్న ఊళ్లలో అట్లు కాదు. అక్కడ పాఠము చెప్పువారు ఒకరో ఇద్దరో ఉందురు. వాద్యములమ్ము దుకాణము తరచుగా ఉండనే ఉండదు. అందుచేత ఇంటి పాఠమును గూర్చియు, ఒకరు వాడిన వాద్యమును కొనుటను గూర్చియు తిరుపతి, చిత్తూరు ప్రాంతముల గృహస్థులకు పనికివచ్చు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ సీమలో సంగీతమునకు కరవు లేదు. తిరుమల కొండమీద తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకులలో భద్రపడినవి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు తిరుపతిలో 1959లో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలను నెలకొల్పిరి. అన్నమాచార్య ప్రాజెక్టు 1978లో ఆరంభమైనది. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లో ఏర్పడినది. అందును సంగీతశాఖ కలదు. చిత్తూరు పల్లెలలో ధర్మరాజు గుడుల వద్ద జరుగు భారతపు ఉత్సవములలో పగలు హరికథ, రాత్రి వీథినాటకము. మృదంగము, హార్మోనియము, తాళములు లేక ఆ రాత్రులు గడువవు. ఇక పెండ్లి మేళము సంగతి చెప్పనే అక్కరలేదు. అయినను పుంగనూరులోనో, పలమనేరులోనో, నగరిలోనో ఎనిమిదేండ్ల పిల్ల దినదినము తిరుపతి కళాశాలకు పోజాలదు. ఆ పిల్లకు కళాశాల యన్నను, విశ్వవిద్యాలయ మన్నను పొరుగువీథిలోని పంతులుగారో, పాటల టీచరుగారో.

పూర్వము విద్య గురుకులములో జరిగెడిది. చిత్తూరు పేరును తన పేరుతో దేశమంతట వినిపించిన సుబ్రహ్మణ్య పిళ్లెగారు కాంచీపురము నాయనా పిళ్లెగారి శుశ్రూష చేసి పాట నేర్చినవారే. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు వారికి సంగీత కళానిధి బిరుదమిచ్చి గౌరవించిరి. గురువు పాడుచుండగా రాత్రింబవళ్లు వినుటయే ఆనాటి పాఠములో అధికభాగము. నేటి ఇంటిపాఠము వారమునకు రెండు గంటలో మూడు గంటలో. మిగిలిన గంటలన్నియు ఇంటివారి పాలు. ఈ సత్యమును మరచినవారే, 'జీతమిచ్చుచున్నాము, పాట రాలే'దని నొచ్చుకొందురు. పాఠము గురువుగారిది, సాధకము పిల్లది, ఆ సాధకమునకు వేళ కల్పించుట తల్లిదండ్రులది.

మంచి పాఠమును గుర్తించుట సంగీతము రానివారికి కూడ అసాధ్యము కాదు. పురందరదాసుగారు ఏర్పరచిరని చెప్పబడు క్రమమునే నేటికిని మనవారు పాటించుచున్నారు. మొదట సరళీ వరుసలు, జంట వరుసలు, దాటు వరుసలు, పిదప సప్తతాళ అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు, అటుపిమ్మట కృతులు. మొదటి పాఠములకు మాయామాళవగౌళ రాగమునే ఏల ఎన్నుకొనిరో తెలిసికొనదగినది. స రి గ మ ల నడుమ ఎంతెంత దూరములు కలవో, ప ద ని స ల నడుమను అంతంత దూరములే కలవు. క్రింది సగము పట్టుబడినచో పై సగము దాని అచ్చువలె వచ్చును. పిల్ల ప్రతి వరుసను మూడు కాలములలో, తాళము తప్పక, శ్రుతి విడువక పాడుచున్నదా? తప్పినచోట గురువుగారు ఆపి సరిదిద్దుచున్నారా? ఈ రెండే మీరు చూడవలసినవి. మూడు నెలలలోనే సభలో పాడించెదమనువారికంటె, ఏడాదిపాటు వరుసలతో విసిగించువారు మేలని మా అభిప్రాయము.

జీతమును గూర్చి మొగమాటము కూడదు. ఈ చిన్న ఊళ్ల ఉపాధ్యాయులలో పెక్కురకు ఈ పాఠములే జీవనాధారము. నెలకెన్ని పాఠములు, పిల్ల రానినాడు ఏమి చేయవలెను, వేసవి సెలవులలో జీతముండునా లేదా అను మూడు సంగతులు మొదటి దినముననే మాటలాడుకొనుట ఉభయులకు గౌరవము. దసరాకు తాంబూలము, వస్త్రము ఇచ్చుట మన మర్యాద. అది జీతమునకు అదనమే కాని బదులు కాదు. ఇప్పుడు కొందరు సెల్‌ఫోనులోనే దూరదేశపు గురువుల వద్ద నేర్చుకొనుచున్నారు. ఊరిలో గురువే లేనప్పుడు అది మంచి దారియే. కాని అందులో ధ్వని కొంత ఆలస్యముగా చేరుటవలన ఇద్దరును కలిసి పాడుట కుదరదు. కమాను పట్టిన మణికట్టును చేతితో తాకి సరిచేయుటయు సాధ్యము కాదు.

ఇక వాద్యము. మొట్టమొదటి వాద్యము కంఠమే. పిల్లకు ఏ వాద్యము నేర్పదలచినను, మొదటి ఆరునెలలు పాటపాఠము చెప్పించి, ఆసక్తి నిలిచిన తరువాత వాద్యమును కొనుట మంచిది. అంతవరకు ఒక చిన్న శ్రుతిపెట్టె చాలును. తరువాత కూడ కొత్తది కొనవలెనన్న నిర్బంధము లేదు. కొయ్య వాద్యమునకు వయస్సు శత్రువు కాదు. నాదస్వరములకు ప్రసిద్ధి పొందిన తంజావూరు సీమలోని నరసింగంపేట శిల్పులు, పాత ఇండ్లు విప్పినపుడు దొరకు ఆచ్చా కొయ్య దూలములను వెదకి తెచ్చుకొందురు. ఏండ్ల తరబడి ఆరిన కొయ్య ఇక వంగదు, పగలదు. మన శేషాచల వనముల ఎర్రచందనమును జపాను దేశీయులు షామిసెన్ అను మూడు తంతుల వాద్యపు దండికి శ్రేష్ఠమైన కొయ్యగా ఎంచుదురు. మంచి కొయ్య, మంచి పనితనము గల వాద్యము తాతనుండి మనుమనికి నిస్సంశయముగా పనికివచ్చును.

మన ప్రాంతమున పాత వాద్యములు బయటికి వచ్చు దారులు తెలిసినవే. అత్తవారింటికి పోయిన ఆడపడుచు వీణ అటకమీద ఉండును. విద్వాంసుడు గతించిన ఇంటిలో మృదంగములు మూలనుండును. భజనమందిరము వారు కొత్త హార్మోనియము కొని పాతదానిని ఇచ్చివేయుదురు. వీని సంగతి ముందుగా తెలియునది ఊరి సంగీతోపాధ్యాయునికే. కావున కొనగోరువారు మొదట ఆయనకు చెప్పి ఉంచవలెను. అమ్మువారి ఇంటికి ఆయనను వెంటబెట్టుకొని పోవలెను; ఆయన వెచ్చించిన పూటకు తగిన ప్రతిఫలమును ఇయ్యవలెను. ఒక తండ్రి ఎవరినీ అడుగక, మెరుగుపెట్టిన వీణను చూచి ముచ్చటపడి కొన్నాడనుకొందము. మెట్లు తప్పియుండుటచేత పిల్ల ఎంత సాధన చేసినను స్వరము సరిగా పలుకదు. తప్పు వీణదని పిల్ల ఎరుగదు. తనకు సంగీతము రాదని నమ్మును. రూకలు పోయిన మరల సంపాదింపవచ్చును. చెవి చెడినను, మనసు విరిగినను మరల బాగుచేయుట కష్టము. ఇక్కడ జాగ్రత్త వలయునని ఇంతగా చెప్పుటకు కారణ మిదియే.

వీణను చూచునపుడు మొదట కుండను, దండిని వెలుతురులో త్రిప్పి చూడవలెను. పనసకొయ్య వీణలే మనకు వాడుక. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి శిల్పులు ఒకే మొద్దును తొలిచి చేయు వీణలు ప్రసిద్ధములు; తంజావూరు వీణలకును అట్టి పేరే కలదు. ఒకే కొయ్య వీణయైనచో పగుళ్లను, అతుకుల వీణయైనచో దండియు కుండయు కలిసినచోటును పరీక్షింపవలెను. అచట సందు ఉన్నచో తంతులు బిగించినపుడు దండి పైకి లేచును. సన్నని రంధ్రములు, క్రింద రాలిన పొడి పురుగునకు గుర్తులు. అట్టిదానిని ఎంత చౌకయైనను విడువవలెను. ఇరువదినాలుగు మెట్లును మైనములో కూర్చబడి యుండును. మైనము ఎండి, మెట్లు అరిగియుండుట పాత వీణలకు సహజమే. అది దోషము కాదు, వ్యయము. మరల మేళము కట్టించుటకు ఎంతయగునో తెలిసికొని, దానిని ధరలో చేర్చి బేరమాడవలెను. మరొక హెచ్చరిక. పూర్వపు వీణలపై ఏనుగు దంతపు పని కొన్నిట కానవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని తరువాతి సవరణల ననుసరించి దంతపు క్రయవిక్రయములు నేరము. అట్టి వీణ జోలికి బేరమునకై పోరాదు.

ఫిడేలును కొనువారు పిల్ల చేతి పొడవును మొదట చూడవలెను. అర, ముప్పాతిక కొలతల ఫిడేళ్లు చిన్నపిల్లలకై ఉన్నవి. పిల్ల ఎదిగినకొలది మార్చవలసి యుండుటచేత వీనిని పాతవిగా కొనుటయే తెలివి. గుర్రము నిలువుగా ఉన్నదా, మెడ వదులైనదా, బిరడలు త్రిప్పినచోట నిలుచునా, లోపల నిలబెట్టిన చిన్న కర్ర పడిపోలేదు గదా అని చూడవలెను. లోపలి కాగితముపై స్ట్రాడివేరియస్ అని అచ్చువేసియున్నచో ఆశ్చర్యపడ నక్కరలేదు. ఐరోపా కర్మాగారములలో వేలకొలదిగా తయారైన సామాన్యపు ఫిడేళ్లకును ఆ చీటీలు అంటించిరి. దానికై ఒక రూపాయి అయినను అధికముగా ఇయ్యవలదు. కమాను వెండ్రుకలు తరచు మార్చవలసినవే. కాని కమాను కర్ర వంకరపోయినచో వేరే కమాను కొనుటయే మేలు.

మృదంగములో మిగులునది కట్టె, మారునది తోలు. కట్టెకు పగులు లేకున్నచో మూతలు, వార్లు చెడియున్నను కొనవచ్చును. కుడిమూతపై నల్లని కరణ పొరలు రాలినచో నాదము మొద్దుబారును, మూత మార్పింపవలెను. కట్టె పొడవు, లోతు ననుసరించి శ్రుతి యుండును. హెచ్చు శ్రుతి మృదంగమును ఎంత వదులు చేసినను తగ్గు శ్రుతికి రాదు. వేణువు సంగతి ఇంకను కఠినము. దాని శ్రుతి వెదురు కోసిననాడే నిర్ణయమైనది. చీలికపై మైనము పూసి రంగు వేసినదానిని కనిపెట్టుటకు, క్రింది కొనను, రంధ్రములను మూసి ఊదిచూచినచో గాలి తప్పునది తెలియును. నాదస్వరమునందు పొట్టిది హెచ్చు శ్రుతి తిమిరి, పొడవైనది తగ్గు శ్రుతి బారి. పీక మాత్రము ఎవరిది వారికి కొత్తదే ఉండవలెను. హార్మోనియమును పరీక్షించుటకు, మెట్టు నొక్కకుండ తిత్తిని నింపి విడువవలెను. తిత్తి వెంటనే కూలినచో గాలి కారుచున్నదని అర్థము. పిదప ఒక్కొక్క మెట్టును నొక్కి ప్రతి రీడును వినవలెను.

హార్మోనియమును గూర్చి రేడియో శ్రోతలకు ఒక ముచ్చట. 1940 మొదలుకొని 1971 వరకు మన రేడియో ప్రసారములలో దానికి చోటు లేదు. దాని మెట్లు స్థిరములగుటచే గమకము పలుకదని, మన స్వరస్థానములకు సరిపోదని విద్వాంసుల ఆక్షేపణ. భజనకు, నాటకమునకు అది మంచి తోడు. కాని గమకముతో కూడిన పాట నేర్చు పిల్లకు అది ఒక్కటే ఆధారము కారాదు. ఆ లోటును తీర్చగలది రేడియోయే. ఉదయపు భక్తిగీతములను, రాత్రి కచేరీలను పిల్లచేత వినిపించి, తంబుర శ్రుతిని పట్టుకొని షడ్జమును కలుపుమని చెప్పవలెను. గురుకులములో శిష్యునికి ఉచితముగా లభించిన వినికిడి నేడు మన ఇంటిలో ఈ పెట్టెద్వారా లభించుచున్నది.

బేరము కుదిరిన తరువాత మూడు పనులు మరువరాదు. వారము దినములు ఇంట ఉంచి వాయించిచూచుటకు ఒప్పుకొనుమని అడుగవలెను. చిన్న ఊళ్లలో ఒకరినొకరు ఎరిగినవారే కావున చాలమంది ఒప్పుకొందురు. ధర, తేదీ వ్రాసిన రసీదు తీసికొనవలెను. తంతులు, మూతలు, మైనములకగు ఖర్చును వేరుగా దాచి ఉంచవలెను. తరువాత వాద్యమును ఎండ తగులు కిటికీ వద్దగాని, వంటయింటి గోడకుగాని ఆనించి ఉంచరాదు. మన సీమ వేసవిలో మైనము మెత్తబడును, కొయ్య ఎండి అతుకులు విడును. గలీబు తొడిగి, నేలకు ఎత్తుగా, నీడపట్టున ఉంచవలెను.

కడపట అటకమీద వాద్యమున్నవారికి ఒక మనవి. వాయించని వీణ పదిలముగా ఉన్నదనుకొనుట భ్రమ. తుప్పుపట్టిన తంతుల క్రింద మెట్లు చెడును, చీకటిలో పురుగు చేరును. అమ్ముటకు మనసు రానిచో, ఊరిలోని ఉపాధ్యాయునిద్వారా నేర్చుకొనుచున్న ఒక పిల్లకు రెండేండ్లు వాడుకకు ఇయ్యవచ్చును. మరమ్మతు ఖర్చు వాడువారిది, వాద్యము మీదే. పది ఇండ్లవారు ఇట్లు చేసినచో చిన్న ఊరిలో వాద్యముల దుకాణము లేదను లోటు చాలవరకు తీరును. రాబోవు విజయదశమికి ఆ అటకను ఒకసారి దులిపి చూడుడు.