పొట్ట తగ్గిన తరువాత అలవాటు తగ్గవలెను

మా వెంకటగిరికోట ప్రాంతంలో రాగి సంగటిని నమలరు. ముద్దను చారులో తడిపి మింగుతారు. బెంగుళూరులో స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకొన్న ఒక గృహిణి, రెండు నెలలకే పాత అలవాటు చొప్పున ముద్ద మింగి, ఛాతీ పట్టివేసి, వాంతులతో నా వద్దకు వచ్చినారు. మందేదీ ఇవ్వక, వెంటనే ఆమెను శస్త్రవైద్యుని వద్దకు పంపినాను. ఆపద తప్పినది. అటువంటివారి కొరకే ఈ నాలుగు మాటలు.

స్లీవ్ అనే ఈ చికిత్సలో జీర్ణాశయాన్ని సుమారు 75 నుండి 80 శాతం వరకు తొలగించి, మిగిలినదానిని అరటికాయ వంటి గొట్టంగా చేస్తారు. జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొన్న, ఆకలి పుట్టించే గ్రెలిన్ అధికంగా తయారయ్యేది ఆ తొలగించిన భాగంలోనే. కనుక మొదట ఆకలి మందగిస్తుంది. కాలక్రమేణా చాలామందికి అది కొంత తిరిగి వస్తుంది. అంతలోపలే మంచి అలవాట్లు స్థిరపడవలెను.

కడుపును మూడు భాగాలుగా భావించి, ఒకటి ఘనాహారానికి, ఒకటి ద్రవానికి, ఒకటి వాతాది దోషాల సంచారానికి విడువవలెనని చరకుడు విమానస్థానంలో ఉపదేశించినాడు. భోజన మధ్యంలో నీరు మేలని నేను గురుకులంలో అభ్యసించినాను. అయితే అది సంపూర్ణమైన కోశం గలవారికి చెప్పిన మాట. వీరు భోజనంతో నీరు త్రాగరాదు. తిన్న అరగంట తరువాత కొంచెం కొంచెంగా త్రాగవలెను.

విస్తరిలో వరుస కూడా మారవలెను. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరం. కనుక ముందు పప్పు, గ్రుడ్డు లేదా పెరుగు, పిదప కూర, చివరకే సంగటి. 100 గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుండగా, రాగులలో 7 గ్రాములే. ఘనాహారానికి వైద్యుడు అనుమతించిన పిమ్మట, సంగటిని మెత్తగా వండి, ఉసిరికాయంత ముద్ద చేసి, నోటిలోనే జావ అయ్యేవరకు నమలవలెను. బెల్లం కాఫీ, పాయసం, మామిడిరసం చిన్న పొట్టలోనుండి కూడా సులువుగా జారిపోతాయి. తగ్గిన బరువు తిరిగి వచ్చే దొడ్డిదారి అదే.

ఆ గృహిణియే మరల వచ్చి, "మాత్రలు వేడి చేస్తున్నాయి, బదులుగా లేహ్యం ఇవ్వండి" అని అడిగినారు. నేను నిరాకరించినాను. బి12 విటమిన్ ఒంటబట్టడానికి కావలసిన పదార్థం జీర్ణాశయంలోనే పుడుతుంది. ఆ విటమిన్ కొరవడితే రక్తహీనత, కాళ్ళ తిమ్మిరి కలుగుతాయి. ఆలస్యమైతే నరాలకు శాశ్వత హాని జరుగవచ్చు. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ మాత్రలకు మా మూలికలు ప్రత్యామ్నాయం కావు. ఏటేటా రక్తపరీక్ష చేయించుకొనవలెను. నొప్పి మాత్రలుగాని, గుగ్గులు, త్రిఫల వంటివిగాని శస్త్రవైద్యునికి తెలుపక వాడరాదు. వాంతులు ఆగకుంటే ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు.

ఇంటివారికొక మనవి. "ఇంతేనా తిన్నావు? ఇంకొక ముద్ద" అని మన పెద్దలు ఆప్యాయతతో వడ్డిస్తారు. ఆమె చాలునన్నప్పుడు ఆ ముద్దను గిన్నెలోనే ఉంచండి. ఆమె నిదానంగా నమిలి ముగించేవరకు ప్రక్కన కూర్చొనండి.